పాపికొండలు చూడ్డానికి బయలుదేరుతున్నారా?

కార్తీకం దగ్గర పడుతోందంటే మన గోదావరి జిల్లాల ఇళ్ళల్లో రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి వనభోజనాలు, రెండోది పాపికొండలు. ఆడపడుచు పిల్లలతో వస్తానంటుంది. చీటీలు వేసుకునే అమ్మలక్కలంతా ‘ఈసారి మనమే ఓ బోటు మాట్లాడుకుందాం’ అంటారు. 1973లో వచ్చిన ‘అందాల రాముడు’ చూసినప్పటి నుంచీ కొందరికీ, 2006లో ‘గోదావరి’ చూశాక వాళ్ళ పిల్లలకీ ఆ కొండల మధ్య పడవలో వెళ్ళాలన్న కోరిక అలాగే ఉండిపోయింది.

ప్రయాణం అనుకోగానే ఇంట్లో పనులు ఎలా పంచుకుంటారో మీకు చెప్పనక్కర్లేదు. టిక్కెట్లు మగవాళ్ళు తీస్తారు. పులిహోర, చక్కిలాలు, తువ్వాళ్ళు, మాత్రలు, పసిపిల్లకి పాలసీసా మన వంతు. బోటు ఎలాంటిదో, ఎంతమందిని ఎక్కిస్తారో, ఎవరు నడుపుతారో మాత్రం మనం అడగం. అడిగితే ‘నీకెందుకు, నేను మాట్లాడాగా’ అంటారు. కూరగాయల బండి దగ్గర బెండకాయ చివర విరిచి చూడనిదే కొనని మనం, కుటుంబమంతా ఎక్కే బోటుని మాత్రం పేరైనా అడక్కుండా ఎక్కేస్తాం. ఈ వారం ఆ సంగతే మాట్లాడుకుందాం. భయపెట్టడానికి కాదు సుమండీ. కంగారు లేకుండా వెళ్ళి, కళ్ళనిండా చూసి రావడానికే.

ఎప్పుడు వెళ్ళాలి? ఎక్కడ ఎక్కాలి?

జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరికి ఎర్రనీళ్ళ కాలం. ఆ నెలల్లో పాపికొండల మాట తలపెట్టొద్దు. వరద తీసి, నీళ్ళు తేరుకున్నాక కార్తీకం నుంచి మాఘం దాకా హాయిగా ఉంటుంది. పొద్దున్నే మంచు, మధ్యాహ్నం మెత్తని ఎండ. ఏప్రిల్, మే నెలల్లో ఎండ ఒక బాధ అయితే, సాయంత్రం ఉన్నట్టుండి లేచే ఈదురుగాలి అసలు బాధ.

ఇదివరకు రాజమండ్రి రేవులోనే లాంచీ ఎక్కి పైకి వెళ్ళేవారు. పోలవరం ప్రాజెక్టు కట్టడాలు నదికి అడ్డంగా వచ్చాక ఆ దారి లేదు. రాజమండ్రి నుంచి బస్సులోనో కారులోనో దేవీపట్నం మండలంలోని గండిపోచమ్మ గుడి దగ్గరికి వెళ్ళి, అక్కడ అమ్మవారికి దణ్ణం పెట్టుకుని బోటెక్కుతారు. భద్రాచలం వైపు నుంచి వచ్చేవాళ్ళకి పోచవరం రేవు ఉంది. ఇంటి దగ్గర తెల్లవారకుండా లేస్తే, తిరిగొచ్చేసరికి రాత్రవుతుంది. కాబట్టి ఏకాదశి ఉపవాసం, సోమవారం నక్తం ఉండేవాళ్ళు ఆ రోజుల్లో టిక్కెట్టు తీయించుకోకండి. ఖాళీ కడుపు, ఎండ, బస్సు కుదుపు కలిస్తే కళ్ళు తిరగడం ఖాయం.

డబ్బు కట్టే ముందు అడగాల్సినవి

టిక్కెట్టు పర్యాటక సంస్థ కౌంటరులో తీసినా, ప్రైవేటు వాళ్ళ దగ్గర తీసినా ఈ ప్రశ్నలు అడగండి. మీరే అడగండి. ఫోనులో అయినా సరే.

ఒకటి: ‘బాబూ, ఈ బోటుకి ఎంతమందికి పర్మిషనుంది? ఆ రోజు ఎంతమందిని ఎక్కిస్తారు?’ ఈ రెండు అంకెలూ విడివిడిగా చెప్పించుకోండి. పర్మిషనున్న సంఖ్య బోటు మీద కనపడేలా రాసి ఉండాలి.

రెండు: రిజిస్ట్రేషను, ఈ ఏడాది తనిఖీ సర్టిఫికెట్టు ఉన్నాయా? సరంగుకి లైసెన్సు ఉందా? 2021లో వచ్చిన దేశీయ నౌకల చట్టం ప్రకారం ఇవన్నీ ఉండి తీరాలి. ఉన్నవాడు చూపిస్తాడు. లేనివాడే ‘ఏం ఫరవాలేదమ్మా, మేం పదేళ్ళ నుంచి నడుపుతున్నాం’ అంటాడు.

మూడు: లైఫ్ జాకెట్లు మనిషికొకటి ఉన్నాయా? పిల్లల సైజువి విడిగా ఉన్నాయా? పెద్దవాళ్ళ జాకెట్టు నాలుగేళ్ళ పిల్లాడికి తొడిగితే, నీళ్ళలో పడగానే జాకెట్టు పైకి తేలుతుంది, పిల్లాడు కిందికి జారిపోతాడు.

నాలుగు: వరద వచ్చి ప్రయాణం ఆగిపోతే డబ్బు తిరిగిస్తారా, వేరే రోజుకి మారుస్తారా? రసీదు మీద రాయించుకోండి. ‘డబ్బు పోతుంది’ అన్న బెంగే చాలామందిని వెళ్ళకూడని రోజున బోటెక్కిస్తుంది.

ఐదు: టిఫిను, భోజనం టిక్కెట్టులోనే కలిసి ఉన్నాయా? పేరంటాలపల్లిలో ఆపుతారా? బోటులో ఆడవాళ్ళకి విడిగా మరుగుదొడ్డి ఉందా? ఈ చివరి ప్రశ్న అడగడానికి సిగ్గుపడి, పొద్దుట నుంచీ గుక్కెడు నీళ్ళు తాగకుండా కూర్చునే వాళ్ళు మనలో ఎంతమంది లేరు!

ఇక పేర్లు రాసుకునేటప్పుడు అందరి ఆధార్ కార్డులూ ఇవ్వండి. చంటిపిల్లల పేర్లు కూడా రాయించండి. ‘ఒళ్ళో పిల్లకి టిక్కెట్టెందుకు’ అనుకుంటాం. టిక్కెట్టు కోసం కాదు, లెక్క కోసం.

కచ్చులూరు చెప్పిన పాఠం

ఆ లెక్క ఎందుకో 2019 సెప్టెంబరు 15న తెలిసింది. ఆదివారం. పాపికొండలకి వెళుతున్న రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు దగ్గర తిరగబడింది. అందులో 77 మంది ఉన్నారని తేలడానికే కొన్ని రోజులు పట్టింది. మొదట చెప్పిన లెక్క ఒకటి, ఆఖరికి తేలింది ఒకటి. 26 మంది బతికారు. బోటుని కాకినాడకి చెందిన ధర్మాడి సత్యంగారి బృందం 38వ రోజున, అక్టోబరు 22న గానీ బయటికి తియ్యలేకపోయింది. అంత లోతు, అంత సుడి అక్కడ.

ఆ రోజు నదిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద ఉంది. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 10 లక్షల క్యూసెక్కులకి. అంటే ఇంకా హెచ్చరిక గుర్తులో సగం దగ్గరే ఉంది నీరు. ‘ఇంకా మొదటి హెచ్చరికైనా రాలేదు కదా’ అని ధైర్యం చెప్పేవాళ్ళుంటారు. ఆ హెచ్చరికలు గట్టు వెంట ఉన్న ఊళ్ళ కోసం. కొండల మధ్య నది ఇరుకైన చోట, మలుపు దగ్గర, అందులో సగం నీరు కూడా బోటుకి ఎక్కువే. కాబట్టి పేపర్లో గానీ టీవీలో గానీ ‘భద్రాచలం దగ్గర గోదావరి పెరుగుతోంది’ అన్న మాట వినిపిస్తే చాలు, ప్రయాణం వాయిదా వెయ్యండి. భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక ఇస్తారు. అందాకా ఆగక్కర్లేదు.

అంతకు ముందు ఏడాది, 2018 మే 15న, మంటూరు దగ్గర ఒక లాంచీ మునిగింది. అది విహారానికి వెళ్ళిన బోటు కాదు, కొండ ఊళ్ళ వాళ్ళు రోజూ ఎక్కే లాంచీ. గాలివాన వస్తోందని తలుపులు, కిటికీలు మూసుకుని లోపల కూర్చున్నారు. లాంచీ ఒరిగేసరికి బయటికి వచ్చే దారి లేకపోయింది. వాన జల్లు మీద పడుతుంటే కిటికీ మూయడం మనకి ఇంట్లో అలవాటు. బోటులో మాత్రం తడిసినా సరే, తలుపు తెరిచే ఉండాలి. జలుబు చేస్తే మిరియాల కషాయం ఉంది.

అదే నెలలో, దానికి నాలుగు రోజుల ముందు, దేవీపట్నం దగ్గర విహారానికి వెళ్తున్న ఒక బోటు నిప్పంటుకుని కాలిపోయింది. అదృష్టం బాగుండి జనమంతా ఒడ్డెక్కారు. కార్తీకమని బోటులో కర్పూరం వెలిగించడం, దీపం వదలాలని నడిచే బోటు అంచు మీంచి వంగడం వద్దు. దీపాలు గండిపోచమ్మ రేవులో, గట్టు మీద నిలబడి వదిలినా పుణ్యమే.

2019 తరవాత బోట్లు ఆపేశారు. రేవుల దగ్గర కంట్రోలు రూములు పెట్టి, జనాన్ని లెక్క చూసి పంపే ఏర్పాటు చేసి, 2021లో మళ్ళీ వదిలారు. ఏర్పాటు ఉంది కదా అని మనం కళ్ళు మూసుకోకూడదు.

బోటెక్కాక

లైఫ్ జాకెట్టు ఎక్కిన నిమిషం నుంచి దిగే నిమిషం దాకా ఒంటి మీదే ఉండాలి. ఉక్కగా ఉందని, చీర నలుగుతుందని, ఫోటోలో బాగుండదని విప్పేస్తాం. ముఖ్యంగా భోజనాల వేళ. విస్తరి ముందు కూర్చునేటప్పుడు జాకెట్టు అడ్డంగా ఉంటుంది, నిజమే. అయినా తీయకండి. పక్కవాళ్ళు తీసినా మీరు తీయకండి, మీ పిల్లల చేత తీయనివ్వకండి. బకిళ్ళన్నీ పెట్టుకుని, పట్టీలు బిగించి, భుజాల దగ్గర పట్టుకుని ఎవరిచేతనైనా పైకి లాగించి చూడండి. గడ్డం దాటి పైకి వచ్చేస్తుంటే వదులుగా ఉన్నట్టే. చంటిబిడ్డని కొంగుతో ఒంటికి కట్టుకోవద్దు, చేతుల్లోనే ఎత్తుకోండి.

ఆ రోజుకి పట్టుచీర వద్దు. తడిస్తే బరువు, కాళ్ళకి చుట్టుకుంటుంది. తేలికపాటి నూలుచీర కుచ్చిళ్ళు కాస్త పైకి కట్టుకోండి, లేదా చుడీదార్ వేసుకోండి. పేరంటాలపల్లిలో మెట్లెక్కడానికీ అదే సుఖం. నగలు ఇంటి దగ్గరే వదిలెయ్యండి.

కొండలు దగ్గరయ్యేసరికి అందరూ ఒకే వైపుకి పరుగెత్తుతారు. మీరు లేవకండి. నెత్తిన బిందె మీద బిందె పెట్టుకు నడిచినవాళ్ళకి ఈ సంగతి తెలుసు. బరువు పైకి పోయిన కొద్దీ కొంచెం ఒరిగితే చాలు, నిలవదు. పై అంతస్తులో జనం కిక్కిరిసి, అందరూ ఒక పక్కకి చేరితే బోటుకీ అంతే. కొండలు రెండు వైపులా ఉన్నాయి. వచ్చేటప్పుడు అటు వైపువి ఇటు వస్తాయి. కంగారు దేనికి?

వయసైనవాళ్ళని దారికి దగ్గరగా కూర్చోబెట్టండి. బయటికి వెళ్ళే దారులు ఎన్ని ఉన్నాయో ఎక్కగానే ఒకసారి చూసి పెట్టుకోండి.

తిండి సంగతి

టిఫినూ భోజనమూ బోటులోనే పెడితే ఇక వంట మూట వద్దు. ఈ మాట రెండుసార్లు చదవండి. ఇరవైమందికి వండి, మోసి, వడ్డించి, గిన్నెలు సర్దేసరికి పాపికొండలు దాటిపోతాయి. ఇంటికొచ్చాక ‘ఎలా ఉందే?’ అని అమ్మ అడిగితే ‘పులిహోర బాగా కుదిరిందమ్మా’ అని చెప్పాల్సి వస్తుంది.

దారిలోకి జంతికలు, వేయించిన వేరుశనగలు, అరటిపళ్ళు, మనిషికో సీసా నీళ్ళు చాలు. ఘాట్ల మీద, కుదుపుల్లో వికారం వచ్చేవాళ్ళకి ఎండు ఉసిరి ముక్కలు, శొంఠి పొడి కలిపిన బెల్లం ఉండ దగ్గరుంచుకోండి. ఎదురుగా దూరంగా ఉన్న కొండని చూస్తూ కూర్చుంటే తల తిరగదు. ఫోను చూస్తే తిరుగుతుంది.

బస్సులో పొద్దున్నే తినడానికి ఏదైనా ఉండాలంటే సాయంత్రం దాకా చెడని చింతపండు పులిహోర చేసుకోండి. పదిమందికి కిలో బియ్యం, 150 గ్రాముల చింతపండు, 150 గ్రాముల నూనె, పది పచ్చిమిరపకాయలు, 100 గ్రాముల వేరుశనగపప్పు, రెండు చెంచాల శనగపప్పు, చెంచాడు ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ, పసుపు, ఉప్పు. అన్నం పలుకుగా వార్చి, వెడల్పు పళ్ళెంలో ఆరబోసి, పసుపు, రెండు చెంచాల నూనె కలిపి పూర్తిగా చల్లారనివ్వండి. చింతపండు గుజ్జుని చీల్చిన పచ్చిమిర్చి, ఉప్పు వేసి నూనె తేలేదాకా ఉడికించండి. ఇందులో తడి మిగిలితేనే పులిహోర చెడేది. పోపు పెట్టి, గుజ్జు కలిపి, చల్లారాకే స్టీలు డబ్బాలో పెట్టి మూత వెయ్యండి. వేడి మీద మూత పెడితే ఆవిరి పట్టి మధ్యాహ్నానికే వాసనొస్తుంది. దద్దోజనం కావాలంటే అన్నంలో కాచి చల్లార్చిన పాలు ఎక్కువ, పెరుగు చెంచాడు వేసి కలపండి. తినే వేళకి సరిగ్గా తోడుకుంటుంది.

తిన్న ఆకులు, ప్లాస్టిక్ కవర్లు నదిలో వెయ్యకండి. ఆ కొండలు 2008 నుంచి జాతీయ పార్కు. చెత్తకి ఒక సంచీ ఇంటి దగ్గర్నుంచే తీసుకెళ్ళండి.

పేరంటాలపల్లిలో

ఇక్కడ బాలానందస్వామి నెలకొల్పిన శ్రీరామకృష్ణ మునివాటం, శివాలయం ఉన్నాయి. చెట్ల నీడన, కొండ వాగు చప్పుడు వింటూ కాసేపు కూర్చుంటే ఇంటి గొడవలు గుర్తుకు రావు. నీటిమట్టాన్ని బట్టి ఒక్కోసారి బోటు అక్కడ ఆపరు. అందుకే ముందే అడగమన్నాను.

కొండరెడ్లు వెదురుతో చేసిన బుట్టలు, చేటలు, పూలసజ్జలు అమ్ముతారు. బేరమాడకుండా ఉండలేం, నాకు తెలుసు. అయినా ఒక్క సంగతి గుర్తుంచుకోండి. కచ్చులూరు దగ్గర బోటు మునిగిన రోజున తమ చిన్న పడవలు వేసుకుని ముందుగా వెళ్ళి జనాన్ని పైకి లాగింది ఈ ఒడ్డు ఊళ్ళ గిరిజనులే. పది రూపాయల దగ్గర పట్టుదల వద్దు.

పెద్ద ఓడ ఎక్కేవాళ్ళకి

ఇప్పుడు మన ఇళ్ళల్లో పిల్లలు అమెరికాలో ఉండడం మామూలైపోయింది. అమ్మానాన్నలు వస్తే ఓ వారం సముద్రం మీద క్రూయిజ్ ఓడలో తిప్పుతున్నారు. 2022 జూన్‌లో ఎంప్రెస్ అనే విహార నౌక మన విశాఖ రేవుకీ వచ్చింది. అలాంటి అవకాశం వస్తే ఈ సంగతులు మనసులో ఉంచుకోండి.

గది ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో తీసుకుంటే ఊపు తక్కువ. కిటికీ లేని గది చవక, కిటికీ ఉన్నది, వరండా ఉన్నది ఖరీదు. టిక్కెట్టులో భోజనం కలిసి ఉన్నా, రేవు పన్నులు, పనివాళ్ళ బహుమానం, ఒడ్డున తిప్పే యాత్రలు చాలాసార్లు విడిగా పడతాయి. మొత్తం ఎంతవుతుందో ముందే అడిగించండి. శాకాహారులమని టిక్కెట్టు తీసేటప్పుడే రాయించండి. చిన్న రైసు కుక్కరు, ఇస్త్రీపెట్టె పెట్టెలో పెట్టకండి, నిప్పు భయం కొద్దీ తీసేసుకుంటారు. పెట్టె గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు, బీపీ, షుగరు మాత్రలు చేతిసంచీలోనే ఉండాలి. ఓడ వేరే దేశం రేవుకి వెళ్ళొస్తే, మీ వీసా మళ్ళీ లోపలికి రానిచ్చేదేనా అని పిల్లల చేత ముందుగా చూపించుకోండి. ఆపద వస్తే ఎక్కడ చేరాలో, జాకెట్టు ఎలా తొడగాలో మొదటి రోజే చూపిస్తారు. ‘మనకి ఇంగ్లీషు రాదులే’ అని గదిలో ఉండిపోకండి. చూస్తే అర్థమవుతుంది.

అంత ఓడలో తప్పనిసరిగా చేయించే పనిని మన చిన్న బోటులో అడగడానికి మొహమాటం ఎందుకు?

మొహమాటం వద్దు

ఇన్ని ప్రశ్నలడిగితే కౌంటరు దగ్గర అబ్బాయి విసుక్కుంటాడు. ఇంట్లో వాళ్ళు ‘ప్రయాణానికి ముందు ఇవేం మాటలు, అపశకునంగా’ అంటారు. అననివ్వండి. ఎక్కినవాళ్ళ లెక్క పర్మిషను కంటే ఎక్కువైందని కళ్ళకి కనిపిస్తే, గాలి తిరిగినట్టు అనిపిస్తే, జాకెట్లు చాలలేదంటే ‘ఏమండీ, మనం దిగిపోదాం’ అని గట్టిగా అనండి. పిల్లల చేతులు పట్టుకుని ముందు మీరు దిగండి. వెనకాల వాళ్ళు గొణుక్కుంటూ దిగుతారు. మీరు దిగితే మరో రెండు కుటుంబాలకి కూడా ధైర్యం వస్తుంది. టిక్కెట్టు డబ్బు పోతే రెండు నెలల పాలఖర్చో, ఒక చీర ఖర్చో అనుకోండి.

అన్నీ సరిగ్గా ఉన్నాయా, జాకెట్టు బిగించుకుని, కిటికీ పక్క సీటు పిల్లలకి కాకుండా ఒక్కసారి మీరే తీసుకోండి. వడ్డించేది ఆ రోజు మీరు కాదు. వాళ్ళు తెచ్చి పెడతారు. అన్నం కాస్త బిరుసుగా ఉన్నా, పప్పులో ఉప్పు తక్కువైనా ఏమీ అనకుండా తినండి. కొండలు దగ్గరికొచ్చి నది సన్నబడే చోట మాటలాపి చూడండి.